నియంత కూతురు, నికార్సయిన గణితం: జోయా చౌషెస్కు జీవితంలోని చిక్కుముళ్లు

1980లో బుకారెస్ట్ నుంచి వెలువడే 'జర్నల్ ఆఫ్ ఆపరేటర్ థియరీ' నాలుగో సంపుటంలో 37 పేజీల పరిశోధన పత్రం ఒకటి అచ్చయింది. రచయితలు ముగ్గురు: గ్రిగోరె అర్సెనె, జోయా చౌషెస్కు, చిప్రియన్ ఫోయాష్. ఫోయాష్ అప్పటికి రెండేళ్ల ముందే, 1978లో, హెల్సింకిలో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభకు వెళ్లి రుమేనియాకు తిరిగి రాలేదు. అలా వెళ్లిపోయినవాళ్లను అక్కడి ప్రభుత్వం ద్రోహుల కింద లెక్కకట్టేది. ఆ ప్రభుత్వాన్ని గుప్పిట్లో పెట్టుకున్న నికోలాయె చౌషెస్కుకు జోయా ఒక్కగానొక్క కూతురు. నియంత కూతురి పేరు, దేశం విడిచిన గురువు పేరు ఒకే వరుసలో, ఆ దేశపు పత్రికలోనే.

జోయా గురించి చదివేవారికి రెండు కథలు ఎదురవుతాయి. తండ్రి అండతో కుర్చీ ఎక్కిన రాకుమారి అన్నది ఒకటి. తల్లిదండ్రుల మీద తిరగబడ్డ మేధావి అన్నది ఇంకొకటి. రెండూ సగం సగమే. తేల్చాలంటే ఆమె గణితం దగ్గరికే వెళ్లాలి. దానికి ముందు ఆమె తల్లిని చూడాలి, ఎందుకంటే అనుమానం అక్కడే పుట్టింది.

తల్లి 'శాస్త్రం' ఎలా తయారైంది

ఎలెనా చౌషెస్కు చదువు ప్రాథమిక పాఠశాలతోనే ఆగిపోయింది. భర్త కమ్యూనిస్టు పార్టీ అధినేత అయిన 1965లోనే ఆమె బుకారెస్ట్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఇచెకిమ్‌కు అధిపతి అయింది. 1967లో ఐసోప్రీన్ పాలిమరీకరణ మీద డాక్టరేట్ పుచ్చుకుంది. నలుగురి ముందు జరగాల్సిన సిద్ధాంత సమర్థన తలుపులు మూసి ముగించారు. 1974లో రుమేనియా అకాడమీ సభ్యత్వం, 1979లో దేశంలోని సైన్స్, సాంకేతిక మండలి అధ్యక్ష పదవి వచ్చాయి. 1978లో భార్యాభర్తలు బ్రిటన్ పర్యటనకు వెళ్లినప్పుడు అక్కడి రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమిస్ట్రీ ఫెలోషిప్ ఇచ్చింది, సెంట్రల్ లండన్ పాలిటెక్నిక్ గౌరవ ప్రొఫెసర్ హోదా ఇచ్చింది. బుకారెస్ట్ జనం మాత్రం ఆమెను 'కోదోయ్' అని ఎగతాళి చేసేవారు. కార్బన్ డయాక్సైడ్ సూత్రాన్ని ఆమె అక్షరాలుగా కాకుండా ఒకే మాటగా చదివిందని ఆ వెక్కిరింత. 1989 డిసెంబర్ 25న తర్గోవిష్తెలో జరిగిన హడావుడి విచారణలో కూడా, నీ పేరున వచ్చిన పత్రాలు ఎవరు రాసిపెట్టారని నిలదీశారు.

ఈ మోసానికి రసాయన శాస్త్రం అనువుగా ఉండటానికి కారణం ఉంది. ప్రయోగశాలలో పని పదిమంది చేస్తారు, ఫలితం సంస్థ పేరున బయటికొస్తుంది, సంచాలకుల పేరు రచయితల జాబితా తలమీద కూర్చోవడం ఎన్నో దేశాల్లో మామూలే. పేరు పెట్టించుకోవడానికి ఉత్ప్రేరకం గురించి ఒక్క ముక్క తెలియనక్కర్లేదు. అందుకే అధికారంలో ఉన్నవారి బంధువు శాస్త్రవేత్తా కాదా అని చూసేటప్పుడు పత్రాలెన్ని అని లెక్కపెట్టడం శుద్ధ దండగ. చూడాల్సినవి వేరు. అవి అచ్చైన చోటికి ఆ అధికారం చెయ్యి చాచగలదా? సహరచయితల జీతం ఆమె చేతిలో ఉందా? అధికారం పోయాక కూడా ఆ ఫలితాన్ని అవసరం కొద్దీ వాడుకున్నవాళ్లున్నారా? బహుమతులను పక్కన పెట్టేయాలి.

ఎలెనా ఈ మూడింటిలోనూ నిలవదు. ఆమె కింద పనిచేసిన రసాయన శాస్త్రవేత్తలే 1989 తర్వాత నోరు విప్పారు.

జోయా సంగతి చూద్దాం. 1976లో ఆమెకు వచ్చిన సిమియోన్ స్తోయిలోవ్ బహుమతిని పై నియమం ప్రకారం లెక్కలోంచి తీసేద్దాం, అది తండ్రి ఏలుబడిలో ఇచ్చినది. 1978లో ఫోయాష్‌తో కలిసి రాసిన ముఖ్యమైన పత్రం హంగరీలోని సెగెద్ నుంచి వచ్చే గణిత పత్రికలో అచ్చయింది. అదే ఏడాది ఫ్లోరియన్-హోరియా వసిలెస్కుతో కలిసి రాసిన రెండు పత్రాల్లో ఒకటి అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో, మరొకటి పోలండ్‌కు చెందిన 'స్టూడియా మ్యాథమెటికా'లో వచ్చాయి. ఈ మూడు చోట్లా బుకారెస్ట్ మాట చెల్లదు. గణితంలో మాత్రం ఎవరైనా రాసిపెట్టరా అన్న ప్రశ్న న్యాయమైనదే. రాసిపెట్టవచ్చు. కానీ ఫోయాష్ 1978 తర్వాత ఆ దేశపు చెయ్యి చేరనంత దూరంలో, మొదట ఫ్రాన్స్‌లో, తర్వాత అమెరికాలో బతికాడు. భయపడాల్సిన పని లేకపోయినా ఆ ఫలితం ఇద్దరి పేరుతోనే నిలిచింది. ఆపరేటర్ సిద్ధాంతంలో పనిచేసేవారు ఇప్పటికీ 'చౌషెస్కు–ఫోయాష్' అనే అంటారు.

ఆమె చేసిన గణితం

ఇక్కడ కొంచెం ఓపిక కావాలి. ఇంటర్ లెక్కలు గుర్తుంటే చాలు.

ఒక ప్రమేయాన్ని ఘాత శ్రేణిగా రాస్తాం: స్థిర పదం, తర్వాత చలరాశి గుణకం, తర్వాత దాని వర్గపు గుణకం, అలా అనంతంగా. వ్యాసార్ధం 1 ఉన్న వృత్తం లోపల ఎక్కడ చూసినా ఆ ప్రమేయం పరిమాణం 1 దాటకూడదని షరతు పెడదాం. మొదటి కొన్ని గుణకాలు మాత్రమే ఇచ్చి, మిగతావి షరతు తప్పకుండా పూరించమంటే కుదురుతుందా? ఎన్ని రకాలుగా? ఇలా తెలిసిన ముక్కల మధ్య తెలియనివాటిని పూరించే లెక్కలను అంతర్వేశన సమస్యలంటారు. 1977లో బుకారెస్ట్ విశ్వవిద్యాలయంలో ఫోయాష్ దగ్గర జోయా సమర్పించిన సిద్ధాంత గ్రంథం కూడా ఈ కుటుంబానికి చెందినదే.

చేతితో చేసి చూద్దాం. స్థిర పదం 0.6 అనుకోండి. దాని వర్గం 0.36. ఒకటిలోంచి తీసేస్తే 0.64 మిగులుతుంది. రెండో గుణకం −0.64 నుంచి 0.64 లోపే ఉండాలి. 0.65 ఇస్తే అలాంటి ప్రమేయం ఒక్కటి కూడా లేదు. మనం 0.32 తీసుకుందాం. ఉన్న చోటులో ఎంత వాడామో చూస్తే 0.32ను 0.64తో భాగించి, 0.5. ఈ 0.5 అనేదే అసలు విషయం, దీన్ని వాటా అందాం. మూడో గుణకానికి ఇప్పుడెంత చోటుంది? వాటా వర్గం 0.25, ఒకటిలోంచి తీస్తే 0.75. దీన్ని 0.64తో గుణిస్తే 0.48, అది చోటు వ్యాసార్ధం. కానీ మధ్య బిందువు సున్నా దగ్గర లేదు, జరిగింది: 0.64ను, 0.6ను, 0.25ను గుణించి రుణ గుర్తు పెడితే −0.096. అంటే మూడో గుణకం −0.576 నుంచి 0.384 దాకా ఏదైనా కావచ్చు. ఈ మధ్య బిందువును సున్నా అనుకోవడమే మొదటిసారి చేసేవారు పడే పొరపాటు. వాళ్లకు జవాబు −0.48 నుంచి 0.48 అని వస్తుంది, 0.45ను కూడా చెల్లుతుందని రాసేస్తారు.

రెండో గుణకాన్ని అంచుకే, అంటే 0.64కే తీసుకెళ్తే వాటా 1 అవుతుంది. ఇక స్వేచ్ఛ అయిపోయినట్టే. మూడో గుణకం −0.384 తప్ప మరొకటి కాలేదు, ఆ తర్వాతివన్నీ కూడా ముందే ఖరారైపోతాయి. అంచుకు దగ్గరగా ఉండటంలో మరో చిక్కుంది. స్థిర పదం 0.999 అయితే మిగిలే చోటు 0.001999. రెండో గుణకం కొలతలో 0.001 తేడా వచ్చినా వాటా సుమారు 0.5 మారిపోతుంది. కంప్యూటర్లో ఈ లెక్క చేసేవారు మొదట తనిఖీ చేయాల్సింది ఇదే.

ఈ పద్ధతి ఇసాయ్ షూర్‌ది, 1917 నాటిది. గుణకాల మీద షరతులు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. వాటాల మీద షరతు ఒక్కటే: పరిమాణం 1 దాటకూడదు. చిక్కుబడ్డ దారపు ఉండను విప్పి విడివిడి పోగులు చేసినట్టు. జీఎస్ఎం ఫోన్ల తొలి తరం ప్రమాణం ప్రతి 20 మిల్లీసెకన్ల మాటను 160 నమూనాలుగా తీసుకుని, ఇలాంటి 8 వాటాలను షూర్ పద్ధతితోనే లెక్కగట్టి పంపేది. ఒక్కోటి 1 లోపు ఉంటే చాలు, అవతలి ఫోన్‌లో మాటను తిరిగి తయారుచేసే వడపోత (ఫిల్టర్) అదుపు తప్పదు. ఫోన్లు జోయా పత్రాల నుంచి పుట్టలేదు సుమా. చెట్టు ఒకటే, కొమ్మలు వేరు.

ఆమె పనిచేసిన కొమ్మలో సంఖ్యల చోట ఆపరేటర్లు ఉంటాయి. ఆపరేటర్ అంటే ఒక సదిశను ఇంకో సదిశగా మార్చేది, అనంత పరిమాణాల మాత్రిక అనుకోవచ్చు. ఏ సదిశ పొడవునూ పెంచని ఆపరేటర్‌ను సంకోచకం అంటారు. సంకోచకంతో ఇబ్బంది ఏమిటంటే అది పొడవులను తగ్గిస్తుంది, తగ్గించినదాన్ని వెనక్కి రాబట్టలేం. హంగరీ గణితజ్ఞుడు బేలా సెకెఫల్వి-నాజ్ 1953లో ఒక ఉపాయం చూపాడు. ప్రతి సంకోచకం కూడా మరింత పెద్ద స్థలంలో ఉన్న, పొడవులను అణువంత కూడా మార్చని ఆపరేటర్‌కు నీడ మాత్రమే. ఆ పెద్దదాన్ని విస్తరణ అంటారు. 1968లో నాజ్, ఫోయాష్ కలిసి ఇంకో మెట్టు ఎక్కారు. రెండు సంకోచకాలను కలిపే ఆపరేటర్ ఉంటే, వాటి విస్తరణలను కలిపే ఆపరేటర్ కూడా అదే పరిమాణంతో పైన కనీసం ఒకటుంటుందని నిరూపించారు. మనం పైన చేసిన అంతర్వేశన లెక్క దీనికి ఓ చిన్న ప్రత్యేక సందర్భం.

'కనీసం ఒకటి' అన్న చోట మొదలైంది జోయా పని. ఎన్నున్నాయి? ఒక్కటీ వదలకుండా, ఒక్కటీ రెండుసార్లు రాకుండా జాబితా వేయగలమా? 1978 నాటి చౌషెస్కు–ఫోయాష్ పత్రం దీనికి 'ఎంపిక క్రమం' అనే పనిముట్టును ఇచ్చింది. ప్రతి మెట్టులో ఒక సంకోచకాన్ని ఎంచుకుంటాం. ఒకసారి ఎంచుకున్నాక తర్వాతి ఎంపికకు ఎంత చోటుందో, ఏ స్థలం నుంచి ఏ స్థలానికి ఉందో తేలుతుంది. షూర్ వాటాలే, ఆపరేటర్ల లోకంలో.

వినడానికి తేలికగా ఉంది కానీ పని అంత తేలిక కాదు. సంఖ్యల లెక్కలో మిగులు 0.64 కదా, దాని వర్గమూలం 0.8. నిజానికి 0.64 అంటే ఎడమవైపు నుంచి ఒక 0.8, కుడివైపు నుంచి ఇంకో 0.8. సంఖ్యలు కాబట్టి రెండూ ఒకటే అయ్యాయి, తేడా కనబడలేదు. ఆపరేటర్లలో ఎడమ మిగులు వేరు, కుడి మిగులు వేరు. అవి ఉండే స్థలాలే వేరు. గుణించే వరస మారితే జవాబు మారుతుంది. ఒక వైపు చోటు పూర్తిగా మూసుకుపోయి, రెండోవైపు తెరిచే ఉండొచ్చు కూడా. ఈ లెక్కను అనంతమైన మెట్ల వరకూ తప్పకుండా నడిపించడమే ఆ పత్రాల వరస సాధించింది. మొదట చెప్పుకున్న 37 పేజీలు ఆ వరసలో ఎనిమిదోది.

వసిలెస్కుతో చేసిన పని వేరే దారి. గుణించే వరస మారినా జవాబు మారని అనేక ఆపరేటర్లకు ఉమ్మడిగా నిర్వచించే వర్ణపటం ఒకటుంది, మాత్రికల్లో ఐగెన్ విలువల లాంటిది. రెండు వేర్వేరు స్థలాల ఆపరేటర్లను టెన్సర్ లబ్ధంగా కలిపితే, ఉమ్మడి వర్ణపటం విడి వర్ణపటాల కార్టీజియన్ లబ్ధమే అవుతుందని వారు చూపారు. మాత్రికల్లో అయితే ఒకదాని ఐగెన్ విలువలు 2, 3, రెండోదానివి 5, 7 అనుకుంటే నాలుగు జంటలు వస్తాయి, అంతే. అనంత పరిమాణాల్లో అలా చెప్పడానికి నిరూపణ కావాలి.

1976 నుంచి 1988 దాకా ఆమె పత్రాలు 22. మంచి గణితజ్ఞురాలి లెక్క అది, మహా మేధావి లెక్క కాదు. ఫోయాష్ దగ్గరే, అదే 1977లో డాక్టరేట్ తీసుకున్న దాన్ వోయ్కులెస్కు తర్వాత స్వేచ్ఛా సంభావ్యత అనే కొత్త శాఖనే పుట్టించాడు. ఆ ఎత్తుతో పోల్చి జోయాను తగ్గించడం ఎంత అన్యాయమో, ఆమెను ఆ ఎత్తున కూర్చోబెట్టడమూ అంతే.

గణిత సంస్థ మూతపడటం: మూడు కారణాల ముడి

తండ్రి గద్దెనెక్కేనాటికి జోయాకు 16 ఏళ్లు. మరుసటి ఏడాది పాఠశాల చదువు ముగించి బుకారెస్ట్ విశ్వవిద్యాలయంలో గణితంలో చేరింది. అన్న వాలెంటిన్ భౌతిక శాస్త్రవేత్త అయి, ఊరి బయట మగురెలెలోని అణు భౌతిక సంస్థలో కుదురుకున్నాడు. తమ్ముడు నికు ఒక్కడే రాజకీయాల్లోకి దిగాడు. 1974లో జోయా అకాడమీ గణిత సంస్థలో పరిశోధకురాలిగా చేరింది. ఆ సంస్థ 1949లో మొదలైంది, సిమియోన్ స్తోయిలోవ్ దానికి తొలి సంచాలకుడు. ఆమె చేరిన ఏడాదికే, 1975లో, ఒక్క ఉత్తర్వుతో దాన్ని రద్దు చేశారు.

కూతురు గణితం మానాలని తల్లిదండ్రులు పట్టుబట్టారనీ, వినకపోయేసరికి సంస్థనే మూసేశారనీ చెప్పుకుంటారు. ఇల్లు ఎలుకల పాలైందని కొంపకే నిప్పుపెట్టినట్టు. కథ రంజుగా ఉంది, తేదీలూ కలుస్తున్నాయి. కానీ ఆ దశాబ్దంలో అకాడమీ పోగొట్టుకున్న సంస్థ ఇదొక్కటే కాదు. పరిశోధనను ఉత్పత్తితో జతకట్టాలన్న విధానం కింద చాలా సంస్థలను మంత్రిత్వ శాఖలకు, పరిశ్రమలకు బదలాయించారు. దానికితోడు సైన్స్ వ్యవహారాల మీద ఎలెనా పట్టు బిగుసుకున్నది కూడా సరిగ్గా ఆ ఏళ్లలోనే. కూతురి మీద కోపమే ఏకైక కారణమైతే మిగతా సంస్థల సంగతి వివరించలేం. విధానమే ఏకైక కారణమైతే, విడి సంస్థగా బతకనివ్వని గణితం ఇంకోచోట గుంపుగా ఎలా బతికిందో వివరించలేం.

ఆ ఇంకోచోటు ఇన్‌క్రెస్ట్. శాస్త్రీయ, సాంకేతిక సృజన సంస్థ అని దాని పేరుకు అర్థం. చేసే పని చాలావరకు విమానాలది, ఐఏఆర్-99 శిక్షణ విమానం నమూనా దాని చేతి పనే. దాని కడుపులో ఒక గణిత విభాగం వెలిసింది. దాన్ని మొదలుపెట్టి నడిపించింది జోయా. వోయ్కులెస్కు 1986లో దేశం విడిచే దాకా అక్కడే ఉన్నాడు, మరో గణితజ్ఞుడు సోరిన్ పోపా కూడా అక్కడివాడే. ఏ అన్వయమూ వెంటనే కనబడని ఆపరేటర్ సిద్ధాంతాన్ని విమానాల సంస్థ జీతాల పట్టీలో కూర్చోబెట్టాలంటే తలమీద ఎలాంటి గొడుగు ఉండాలో వేరే చెప్పనక్కర్లేదు. 1979లో మొదలైన 'జర్నల్ ఆఫ్ ఆపరేటర్ థియరీ' కూడా ఆ చోటు నుంచే వచ్చింది.

అందుకే ఆమెకు అధికారం అక్కరకు రాలేదని చెప్పలేం. టైపు మిషన్లను కూడా పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాలని 1983లో శాసనం తెచ్చిన దేశం అది. విదేశీ సభకు పాస్‌పోర్ట్ దొరకడం ఎవరి వశంలోనూ ఉండేది కాదు. అలాంటి చోట ఒక విభాగాధిపతి ఇంటిపేరు చౌషెస్కు కావడం మామూలు సంగతి కాదు. అధికారం ఆమెకు చోటిచ్చింది. నిరూపణలు మాత్రం ఇవ్వలేదు, అవి సెగెద్‌లోనూ అమెరికాలోనూ సమీక్షకుల ముందు వాటంతటవే నిలబడాల్సి వచ్చింది.

1989 తర్వాత

1989 డిసెంబర్ 24న ఆమెను అరెస్టు చేశారు. దేశ ఆర్థిక వ్యవస్థకు నష్టం కలిగించిందని అభియోగం. మర్నాడే తల్లిదండ్రులను కాల్చి చంపారు. పెంపుడు కుక్కలకు పెట్టే మాంసం తూచడానికి ఆమె ఇంట్లో బంగారు త్రాసు ఉండేదన్న కథ ఆ రోజుల్లోనే ప్రపంచమంతా పాకింది. రేషన్ చీటీతో మాంసం కోసం వరసలో నిలబడ్డ జనానికి అంతకంటే మండించే మాట ఉండదు. ఎనిమిది నెలలు జైల్లో ఉంచి 1990 ఆగస్టు 18న వదిలేశారు.

ఆమె లోపల ఉండగానే, 1990 మార్చి 8న, గణిత సంస్థను తిరిగి తెరిచారు. ఇప్పుడు దానికి స్తోయిలోవ్ పేరే పెట్టారు. విడుదలయ్యాక ఆమె పాత ఉద్యోగం కోసం ఇన్‌క్రెస్ట్ తలుపు తడితే రానివ్వలేదు. పదవీ విరమణ తీసుకుంది. ఇల్లు జప్తయింది, స్నేహితుల ఇళ్లలో తలదాచుకుంది. భర్త మిర్చా ఓప్రెయాన్ బుకారెస్ట్ పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ ప్రొఫెసర్, 1980లో పెళ్లి చేసుకున్నారు.

ఆ తర్వాత గణిత పత్రాలు లేవు. మిగిలిన ఏళ్లలో ఒక దావా ఉంది. గెంచా శ్మశానంలో ఉన్నది తన తల్లిదండ్రులేనని ఆమె నమ్మలేదు, తవ్వి తేల్చాలని 2005లో కోర్టుకెళ్లింది. 2006 నవంబర్ 20న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయింది, వయసు 57. ఆమె కోరింది 2010 జులై 21న జరిగింది, ఆ సమాధిలో ఉన్నది నికోలాయెనే అని డీఎన్ఏ పరీక్షలు ధ్రువపరిచాయి.

ఆమె పత్రాలు చూడాలనుకునే ఎమ్మెస్సీ విద్యార్థులు ఎనిమిదో భాగంతో మొదలుపెట్టకూడదు, దాని సంకేతాలన్నీ ముందు భాగాల నుంచి అరువు తెచ్చుకున్నవే. మొదట పైన చేసిన 0.6 లెక్కను వేరే అంకెలతో కాగితం మీద చేయండి, నాలుగో గుణకం దాకా వెళ్లండి. తర్వాత రెండు వరుసలు, రెండు నిలువు వరుసలున్న మాత్రిక సంకోచకం కావాలంటే నాలుగో మూలలో ఏముండాలో కనుక్కోండి. ఎడమ, కుడి మిగుళ్లు విడిపోవడం అక్కడ కంటికి కనిపిస్తుంది. ఆ తర్వాత అమెరికన్ ప్రొసీడింగ్స్‌లోని పత్రం, నాలుగే పేజీలు. సెగెద్ పత్రం చివరికి. వెతికేటప్పుడు ఇంటిపేరులోని ఎస్ కింద కామా లాంటి గుర్తుతో ఒకసారి, అది లేకుండా ఒకసారి వెతకండి. పాత అచ్చుల్లో రెండు రూపాలూ ఉన్నాయి, ఒక్కటే వాడితే కొన్ని దొరక్కపోవచ్చు.